సివిల్ దావాలో పేదల పక్షం

సివిల్ న్యాయ సహాయం అంటే భూమి, ఇల్లు, వారసత్వం, భరణం, పరిహారం వంటి తగాదాల్లో ఖర్చు పెట్టుకోలేని మనిషికి వకీలును, కోర్టు ఫీజును, కాగితాల ఖర్చును సమకూర్చడం. ఈ తగాదాల్లో మామూలుగా అరెస్టు ఉండదు, జైలు ఉండదు. అందువల్లనే వీటి మీద లోకం దృష్టి తక్కువ. కానీ ఎకరం చెలక పోగొట్టుకున్న కుటుంబానికి, భర్త వదిలేసిన ఆడమనిషికి, సంపాదించే కొడుకు లారీ కింద పడి చనిపోయిన తల్లికి మిగిలిన బతుకు ఎట్లా గడుస్తుందో తేల్చేది ఆ దావాయే. వీళ్ళ కోసం చట్టం ఉంది, ఆఫీసు ఉంది, నిధి కూడా ఉంది. ఆ మూడూ కదలాలంటే మాత్రం స్థానిక వకీళ్ళు తమ సమయంలో కొంత, సంపాదనలో కొంత ఇవ్వాలి. నల్లగొండ వంటి జిల్లాలో సివిల్ న్యాయ సహాయం బలం, బలహీనత రెండూ ఇక్కడే ఉన్నాయి.

నార్కట్‌పల్లి మండలాన్ని తీసుకుంటే ఈ అవసరం ఎంత విస్తారమో తెలుస్తుంది. హైదరాబాద్-విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి ఊరి మీదుగా పోతుంది, అద్దంకి రోడ్డు ఇక్కడే చీలుతుంది. ప్రమాద పరిహారం కేసులకు ఇంత రద్దీ దారి చాలు. ఉదయసముద్రం-బ్రాహ్మణవెల్లెంల ఎత్తిపోతల పథకం ఈ ప్రాంతానిదే. రిజర్వాయరు, కాలువ అంటే భూసేకరణ, భూసేకరణ అంటే పరిహారం తగాదా. వీటి కింద పాత పొర ఒకటి ఉంది: తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామాలు, పహాణీలో ఒక పేరు, పాస్‌బుక్కులో మరో పేరు, అన్నదమ్ముల నడుమ తెగని హద్దులు, ఆడబిడ్డకు రాని వాటా. జిల్లా కోర్టు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ రెండూ సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని నల్లగొండలో ఉన్నాయి. దూరం పెద్దది కాకపోవచ్చు. కానీ కూలికి పోయే మనిషికి ఒక్క పేషీ అంటే ఒక రోజు కూలి, బస్సు ఛార్జీ, ఆ పైన వాయిదా పడిందన్న కబురు.

రాజ్యాంగంలో 39ఎ అధికరణం 1976 నాటి 42వ సవరణతో చేరింది. డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ న్యాయం అందకుండా పోరాదని, అందుకు రాజ్యం ఉచిత న్యాయ సహాయం ఏర్పాటు చేయాలని అది చెబుతుంది. దానికి శరీరం ఇచ్చింది న్యాయ సేవాధికార సంస్థల చట్టం. 1987లో పార్లమెంటు చేసిన ఈ చట్టం 1995 నవంబర్ 9న గానీ అమల్లోకి రాలేదు. జాతీయ స్థాయిలో జాతీయ న్యాయ సేవాధికార సంస్థ (నల్సా), రాష్ట్ర స్థాయిలో ఒక సంస్థ, జిల్లాకొకటి, వాటి కింద మండల న్యాయ సేవా కమిటీలు దీని నిర్మాణం. మండల కమిటీకి ఆ పరిధిలోని సీనియర్ న్యాయాధికారి అధ్యక్షత వహిస్తారు.

ఎవరు అర్హులన్నది 12వ సెక్షన్ చెబుతుంది. పల్లెల్లో తెలియనిదీ, తెలియాల్సిందీ ఇదే. ఎస్సీ, ఎస్టీలు, స్త్రీలు, పిల్లలు, దివ్యాంగులు, అక్రమ రవాణాకు, వెట్టికి గురైనవారు, కరువు వరదల వంటి విపత్తుల బాధితులు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో పని లేకుండానే అర్హులు. ఆదాయ పరిమితి ఈ కోవల్లోకి రాని మిగతావారికి మాత్రమే. అంటే నార్కట్‌పల్లి మండలంలోని ప్రతి స్త్రీకీ ఈ హక్కు ఉంది, ఆమె పేరు మీద భూమి ఉన్నా సరే. ఫ్లోరైడ్ నీటితో కీళ్ళు బిగుసుకుపోయి, చట్టం గుర్తించిన వైకల్యం ఉన్న వృద్ధుడికీ ఉంది. పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి వలస పోయి వెట్టి పాలైన కూలీకీ ఉంది. ఆదాయం రుజువుగా మామూలుగా ప్రమాణపత్రం చాలు, అనుమానించడానికి కారణం ఉంటే తప్ప. దావాలో మొదటి చూపుకు బలం కనబడితే వకీలును ఇవ్వాలి.

ఈ చట్టానికి ముందు కూడా పేద కక్షిదారుకు దారి లేకపోలేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 33వ ఆర్డరు కింద కోర్టు ఫీజు కట్టలేనివాళ్ళు ఆ ఫీజు లేకుండా దావా వేయవచ్చు. అయితే ముందు తమ పేదరికాన్నే కోర్టులో రుజువు చేసుకోవాలి. ప్రభుత్వ ప్లీడరుకు, ఎదుటి పక్షానికి నోటీసు పోవాలి, విచారణ జరగాలి. దావా గెలిస్తే మినహాయించిన ఫీజును ప్రభుత్వం ఆ ఆస్తి నుంచే ముందుగా వసూలు చేసుకుంటుంది. 1976 సవరణ తర్వాత వకీలు లేని పేద కక్షిదారుకు కోర్టే వకీలును నియమించే వీలు కల్పించారు. ఇదంతా దావా వేసినవాడికే ఉపయోగం. ఊళ్ళో ఉండి అసలు దావా వేయవచ్చునని తెలియని మనిషికి దీనివల్ల ఒరిగేది లేదు.

వకీలు లేకుండా జరిగే విచారణ న్యాయమైనదేనా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు తొలినాళ్ళలోనే వచ్చింది, అదీ నల్లగొండ నుంచే. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ఇక్కడి ప్రత్యేక ట్రిబ్యునల్ హత్య కేసుల్లో రైతులకు మరణశిక్షలు వేసింది. తమకు వకీలును పెట్టుకునే అవకాశమే ఇవ్వలేదన్నది వాళ్ళ ఫిర్యాదు. జనార్దన రెడ్డి వర్సెస్ హైదరాబాద్ రాష్ట్రం పేరుతో నమోదైన ఆ కేసులో ఇంగ్లండ్‌కు చెందిన న్యాయవాది డి.ఎన్. ప్రిట్ వచ్చి వాదించారు. ముద్దాయిలకు వకీలును సమకూర్చడానికి ట్రిబ్యునల్ తానే కొంత చొరవ తీసుకోవలసిందని 1951లో సుప్రీంకోర్టు అభిప్రాయపడింది. కానీ పిటిషన్లను కొట్టివేసింది. ఆ మరణశిక్షలు చివరికి అమలు కాలేదు. సముద్రం దాటి వచ్చిన ఒక వకీలు, దేశమంతటా సాగిన ప్రచారం అందులో పాలుపంచుకున్నాయి.

ఆ తర్వాత క్రిమినల్ వైపు న్యాయం మెల్లమెల్లగా ముందుకు జరిగింది. హోస్కాట్ కేసు 1978లో, హుస్సైనారా ఖాతూన్ కేసు 1979లో, సుఖ్‌దాస్ కేసు 1986లో వచ్చాయి. వకీలును ఇవ్వకుండా విధించిన శిక్ష నిలవదన్నంత దూరం సుప్రీంకోర్టు వెళ్ళింది. 2022లో నల్సా జీతం మీద పూర్తికాలం పనిచేసే డిఫెన్స్ కౌన్సిల్ వ్యవస్థను జిల్లాల్లో ప్రారంభించింది. అది క్రిమినల్ కేసులకు మాత్రమే. సివిల్ వైపు అలాంటి పూర్తికాలపు వకీలు లేడు. ఇప్పటికీ ప్యానెల్ న్యాయవాదులే దిక్కు. వాళ్ళు సొంత ప్రాక్టీసు చూసుకుంటూ, స్వల్ప రుసుము మీద న్యాయ సహాయం కేసులు తీసుకుంటారు.

అమెరికాలోనూ ఇదే తేడా ఉంది. 1963 నాటి గిడియన్ తీర్పు క్రిమినల్ ముద్దాయికి వకీలు హక్కు ఇచ్చింది, సివిల్ దావాలకు అలాంటి సాధారణ హక్కు లేదు. అక్కడి లీగల్ సర్వీసెస్ కార్పొరేషన్ 2022 నివేదిక ప్రకారం తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళ తీవ్రమైన సివిల్ సమస్యల్లో 92 శాతానికి వకీలు సాయం అందడం లేదు, లేదా అరకొరగా అందుతోంది. ఆ లోటు పూడ్చడానికి అక్కడ రెండు దారులు పట్టారు. ప్రతి న్యాయవాది ఏడాదికి కనీసం 50 గంటలు ఉచితంగా పని చేయాలని, వీలైతే న్యాయ సహాయ సంస్థలకు విరాళం కూడా ఇవ్వాలని అమెరికన్ బార్ అసోసియేషన్ నమూనా నియమావళి కోరుతుంది. ఇది మొదటి దారి. ఇక కక్షిదారులు వకీళ్ళ దగ్గర కొద్ది కాలం ఉంచే చిన్న మొత్తాలను ఒకే ఖాతాలో వేసి, దాని మీద వచ్చే వడ్డీని న్యాయ సహాయానికి మళ్ళించడం రెండో దారి. ఇది అమెరికాలో 1981లో ఫ్లోరిడాలో మొదలై తర్వాత అన్ని రాష్ట్రాలకూ పాకింది. సమయం ఒకటే చాలదని, సొమ్ము కూడా కావాలని అక్కడి న్యాయవాద వృత్తి ఒప్పుకున్నదనడానికి ఈ రెండూ సాక్ష్యం.

మన దేశంలో వృత్తి నియమం ఇంతకన్నా పెద్ద మాట చెబుతుంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళిలోని 46వ నియమం ప్రకారం, నిజంగా అవసరమున్న మనిషి ఫీజు ఇచ్చుకోలేకపోయినా అతడికి వకీలు సాయం దక్కాలి. తన ఆర్థిక స్థితి అనుమతించినంత మేరకు పేదలకు, పీడితులకు ఉచితంగా వాదించడం న్యాయవాది సమాజానికి చెల్లించాల్సిన అత్యున్నత బాధ్యతల్లో ఒకటి. గంటల లెక్క లేదు, తప్పనిసరి కాదు, చేయకపోతే అడిగేవాళ్ళు లేరు. 2017లో సీనియర్ న్యాయవాది హోదాకు మార్కుల పద్ధతి పెట్టినప్పుడు సుప్రీంకోర్టు ఉచిత సేవను కూడా ఒక అంశంగా చేర్చింది, కానీ ఆ మార్కుల పద్ధతే 2025లో పోయింది. 2017 ఏప్రిల్‌లో కేంద్ర న్యాయ శాఖ ప్రారంభించిన న్యాయబంధు కార్యక్రమం స్వచ్ఛందంగా ముందుకొచ్చే వకీళ్ళను మొబైల్ యాప్ ద్వారా అర్హులతో కలుపుతుంది. యాప్ చేరని చోట బార్ అసోసియేషనే చేరాలి.

తెలుగునాట ఈ బాధ్యతను ఎవరి ఆదేశం లేకుండానే భుజాన వేసుకున్నవాళ్ళు ఉన్నారు. కె.జి. కన్నబిరాన్ హైదరాబాద్ హైకోర్టులో దశాబ్దాల పాటు పౌరహక్కుల కేసులు వాదించారు. బొజ్జా తారకం 1985లో కారంచేడు మారణకాండ తర్వాత ప్రభుత్వ ప్లీడరు పదవి వదిలి బాధితుల పక్షాన నిలబడ్డారు. కె. బాలగోపాల్ గణిత అధ్యాపకుడు, ఉద్యోగం వదిలేశాక 1990లలో న్యాయశాస్త్రం చదివి హైకోర్టులో ప్రాక్టీసు పెట్టి, చనిపోయే దాకా పేదల కేసులకు ఆ చదువును అంకితం చేశారు. వీళ్ళ పేర్లు క్రిమినల్ కేసులతోనే ఎక్కువ ముడిపడి ఉన్నా, బాలగోపాల్ భూమి చట్టాల మీద, ఆదివాసీ భూముల మీద చేసిన పని సివిల్ న్యాయ సహాయానికి కూడా పాఠమే. ఇక ఇదే కోవలో న్యాయవాది ఎం. సునీల్ కుమార్ ఏర్పాటు చేసిన లీఫ్స్ సంస్థ రైతులకు భూ సమస్యల్లో న్యాయ సలహా ఇస్తోంది. ఉమ్మడి రాష్ట్రంలో ఇందిరా క్రాంతి పథం కింద పల్లె యువకులకు భూ చట్టాలు నేర్పి పారాలీగల్‌లుగా నిలబెట్టిన ప్రయోగం కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. రెవెన్యూ రికార్డు చదవగలిగిన మనిషి ఊళ్ళో ఉంటే సగం తగాదాలు కోర్టు దాకా పోవని ఆ ప్రయోగంలో పని చేసినవాళ్ళ అనుభవం.

ఈ అనుభవం విలువ ఈ మధ్య మరింత పెరిగింది. 2020 భూ హక్కుల చట్టంతో తెలంగాణలో రెవెన్యూ కోర్టులు రద్దయి ధరణి పోర్టల్ వచ్చింది. తహసీల్దారు, ఆర్డీవో దగ్గర తేలే తగాదాలు సివిల్ కోర్టు దారి పట్టాయి. హక్కు ప్రకటన దావాకు ఆస్తి విలువను బట్టి కోర్టు ఫీజు, వకీలు ఫీజు, ఏళ్ళ తరబడి పేషీలు: ఎకరం రెండెకరాల రైతుకు ఇది మోయలేని భారం. 2020లో సాదా బైనామాల క్రమబద్ధీకరణకు లక్షల దరఖాస్తులు వచ్చి హైకోర్టు స్టేతో ఏళ్ళ పాటు ఆగిపోయాయి. 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం అప్పీళ్ళను తిరిగి తెచ్చింది, పేద రైతులకు ఉచిత న్యాయ సహాయం ప్రస్తావన కూడా చేసింది. చట్టంలో అప్పీలు హక్కు ఉన్నా, గడువులోగా ఎవరో ఒకరు ఆ అప్పీలును సరిగ్గా రాసి వేయాలి. నార్కట్‌పల్లి తహసీల్దారు కార్యాలయం ముందు దరఖాస్తు రాసిపెట్టే మనిషికి చట్టం తెలియకపోతే, ఆ ఒక్క కాగితం మీదే రైతు ఓడిపోతాడు.

గడువు సంగతి పరిహారం కేసుల్లో మరీ కఠినం. మోటారు వాహన చట్టం సవరణతో 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేయాలన్న నిబంధన వచ్చింది. దాని చెల్లుబాటు మీద సుప్రీంకోర్టులో సవాళ్ళు ఉన్నాయి. అయినా 65వ నంబరు రహదారి మీద మనిషిని పోగొట్టుకున్న కుటుంబం దినకర్మలు, అప్పులు, ఆస్పత్రి బిల్లులతో కుదుటపడేసరికే ఆరు నెలలు అవుతాయి. ప్రమాద బాధితులు చేరే ఆస్పత్రి దగ్గర, పోలీసు స్టేషన్ దగ్గర వారానికి ఒక రోజు ఒక వకీలు కూర్చుంటే, పరిహారంలో వాటా మాట్లాడుకునే దళారీ కన్నా ముందు బాధితుడికి చట్టం అందుతుంది. గృహహింస చట్టం కింద బాధితురాలికి ఉచిత న్యాయ సేవల హక్కు ఉందని చెప్పాల్సిన బాధ్యత పోలీసు అధికారి మీద, రక్షణ అధికారి మీద 5వ సెక్షన్ పెట్టింది. చెప్పడం వాళ్ళ పని, ఆ మాట విని వచ్చిన ఆమె ముందు నిలబడటానికి వకీలు సిద్ధంగా ఉండాలి.

సివిల్ సహాయంలో వకీలు సమయం అన్నింటికన్నా ముఖ్యంగా పని చేసేది దావా వేయడానికి ముందే. ఖాస్రా పహాణీ తెప్పించి చూడటం, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించడం, గడువు లెక్క కట్టడం, రాజీకి వీలుందో లేదో తేల్చడం, దావా వేయవద్దని చెప్పాల్సిన చోట నిజం చెప్పడం, ఇదంతా ఎవరూ రుసుము ఇవ్వని పని. నల్సా 2010 నిబంధనల ప్రకారం ప్యానెల్‌లో చేరడానికి మామూలుగా మూడేళ్ళ అనుభవం కావాలి, సహాయం పొందినవాళ్ళ నుంచి డబ్బు అడగరాదు, తీసుకోరాదు. నియమం మంచిదే. అయితే ప్యానెల్‌లో ఎక్కువగా ఉండేది ప్రాక్టీసు ఇంకా నిలదొక్కుకోనివాళ్ళు, పాతికేళ్ళ అనుభవమున్న సివిల్ వకీలు ఆ జాబితాలో అరుదు. టైటిల్ దావాలో ప్లెయింటు ఎట్లా రాయాలో, ఏ కాగితాన్ని ఏ సాక్షితో మార్కు చేయించాలో ఆ అనుభవం ఉన్నవాడికే తెలుసు. జిల్లా బార్‌లోని పెద్ద వకీళ్ళు ఏడాదికి రెండు కేసులైనా స్వయంగా తీసుకుని, ప్యానెల్‌లోని జూనియర్‌ను పక్కన కూర్చోబెట్టుకుంటే, ఒక కుటుంబం దావాతో పాటు ఒక జూనియర్ శిక్షణ కూడా పూర్తవుతుంది.

లోక్ అదాలత్ ఈ లోటును తీర్చగలదన్న నమ్మకం చాలా మందికి ఉంది. దాని మేలు నిజమే: కోర్టు ఫీజు వాపసు వస్తుంది, అవార్డుకు డిక్రీ విలువ ఉంటుంది, అప్పీలు లేకపోవడంతో తగాదా అక్కడితో తెగుతుంది. కానీ అప్పీలు లేకపోవడమే వకీలు అవసరాన్ని పెంచుతుంది. లోక్ అదాలత్ రాజీ కుదిర్చేదే తప్ప తీర్పు చెప్పేది కాదని సుప్రీంకోర్టు 2008లో జాలోర్ సింగ్ కేసులో స్పష్టం చేసింది. రాజీ అన్నప్పుడు బలమైన పక్షం తక్కువకు మాట్లాడుతుంది, ఆగలేనివాళ్ళు ఒప్పుకుంటారు. ప్రమాద పరిహారం కేసుల్లో జరిగేది ఇదేనని మార్క్ గాలంటర్, జయంత్ కృష్ణన్ 2004లో రాసిన వ్యాసంలో ఎత్తి చూపారు. బీమా కంపెనీ పక్కన అనుభవజ్ఞుడైన వకీలు ఉన్నప్పుడు విధవరాలి పక్కన కూడా అలాంటివాడే ఉంటేనే ఆ రాజీకి రాజీ అన్న పేరు చెల్లుతుంది.

ఇక సొమ్ము. ఇండియా జస్టిస్ రిపోర్ట్ 2025 ప్రకారం న్యాయ సహాయం మీద దేశంలో తలసరి ఖర్చు ఏడాదికి 6 రూపాయల 46 పైసలు. ఊళ్ళకూ కోర్టుకూ నడుమ వారధిగా ఉండాల్సిన పారాలీగల్ వాలంటీర్ల సంఖ్య 2019 నుంచి 2024 మధ్య 38 శాతం తగ్గిందని అదే నివేదిక చెబుతుంది. సివిల్ దావాలో వకీలు ఉచితంగా వాదించినా ఆగని ఖర్చులు ఉన్నాయి: సర్టిఫైడ్ కాపీలు, సర్వే, హద్దులు చూడటానికి వేసే అడ్వకేట్ కమిషనర్ రుసుము, పేపరు ప్రకటన, సాక్షుల బత్తా. చట్టం వీటిలో చాలావాటిని న్యాయ సేవలో భాగంగానే చూస్తుంది. నిధి ఎంత ఉంటే అంతే చేయగలదు.

ఆ నిధిలో ఎవరైనా విరాళం వేయవచ్చు. చట్టంలోని 15వ సెక్షన్ జాతీయ నిధికి, 16వ సెక్షన్ రాష్ట్ర నిధికి, 17వ సెక్షన్ జిల్లా నిధికి దారి చూపుతాయి. రాష్ట్ర సంస్థ ముందస్తు అనుమతితో జిల్లా సంస్థ ఏ వ్యక్తి నుంచైనా విరాళం తీసుకోవచ్చునని 17వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. బార్ అసోసియేషన్ల సమావేశాల్లో వినబడని సెక్షన్ ఇది. తెలంగాణలో ప్రతి వకాలత్‌నామా మీద అడ్వకేట్ల సంక్షేమ నిధి స్టాంపు అంటిస్తారు. అది వకీళ్ళకు, వాళ్ళ కుటుంబాలకు ఆపదలో ఆదుకునే మంచి ఏర్పాటు. అలాగే గెలిచిన ప్రతి పెద్ద సివిల్ కేసు ఫీజు నుంచి స్వచ్ఛందంగా చిన్న మొత్తాన్ని జిల్లా న్యాయ సహాయ నిధికి ఇవ్వాలని బార్ తీర్మానం చేసుకోవడానికి ఏ అడ్డూ లేదు. ఆ సొమ్ము ఎక్కడికి పోయిందో ఏడాదికొకసారి నోటీసు బోర్డు మీద లెక్క పెడితే విరాళాలు ఆగవు.

విరాళం ఇస్తే సేవ చేసినట్టే అని కొందరు సీనియర్లు అనుకుంటారు. ఒకరు డబ్బు ఇచ్చి, పని మొత్తాన్ని జూనియర్ మీద వదిలేస్తే పేదవాడికి మళ్ళీ తక్కువ అనుభవమే దక్కుతుంది. సేవ మాత్రమే చేసి డబ్బు వద్దంటే దావా కమిషనర్ రుసుము దగ్గర ఆగిపోతుంది. రెండూ కావాలి, వీలైనంత వరకు ఒకే చేతి నుంచి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల బార్ అసోసియేషన్లు చేయగల పని పెద్దదేమీ కాదు. మండలానికి ఒక వకీలు చొప్పున వంతు వేసుకుని, నెలకు రెండు రోజులు నార్కట్‌పల్లి వంటి మండల కేంద్రంలో కూర్చోవాలి. భూభారతి అప్పీళ్ళు, ప్రమాద పరిహారం, భరణం దరఖాస్తులు అక్కడే చూసి, కోర్టుకు పోవాల్సినవాటిని న్యాయ సేవాధికార సంస్థ ఫ్రంట్ ఆఫీసుకు రాసి పంపాలి. ఆ ఖర్చుల కోసం విరాళాలు తీసుకునేందుకు 17వ సెక్షన్ కింద రాష్ట్ర సంస్థ అనుమతి అడగాలని జిల్లా సంస్థను కోరాలి. ఊళ్ళో చదువుకున్న ప్రతి ఒక్కరూ తమ పక్కింటి ఆడమనిషికి ఒక్క మాట చెప్పాలి: భూమి ఉన్నా, ఆదాయం ఎంతైనా, స్త్రీ అయినందుకే ఆమెకు ఉచిత వకీలు హక్కు ఉంది, దానికి ఫోన్ చేయాల్సిన నంబరు 15100.